ఫోన్ ఒక్కటే ఉంది, వెబ్ యానిమేషన్ నేర్చుకోవచ్చా? ఒక బంతితో మొదలుపెడదాం

ఈ ఎపిసోడ్ వీడియోలో చూడలేని వాళ్ళు, డేటా అయిపోయిన వాళ్ళు ఇక్కడ చదువుకోవచ్చు. స్క్రీన్ మీద చూపించిన కోడ్‌ని కూడా మాటల్లోనే చెప్తున్నాను, కాబట్టి వీడియో లేకపోయినా పని జరుగుతుంది.

ఇవాళ్టి టాపిక్ ఇంటర్ అయిపోయిన వాళ్ళకి, డిగ్రీ చదువుతున్న వాళ్ళకి బాగా పనికొస్తుంది. వెబ్ యానిమేషన్, ఇంటరాక్టివ్ డిజైన్ నేర్చుకోవాలని ఉంటుంది. చేతిలో ఫోన్ తప్ప ఏమీ ఉండదు. ఊళ్ళో మల్టీమీడియా కోర్సు బోర్డు కనిపిస్తుంది. లోపలికి వెళ్తే సిలబస్ కాగితం ఇస్తారు, అందులో ఫ్లాష్, యాక్షన్‌స్క్రిప్ట్ అని రాసి ఉంటుంది. ఫీజు చూస్తే ఇంట్లో అడగడానికి నోరు రాదు. చేరాలా వద్దా?

సూటిగా చెప్తాను. ఫ్లాష్ నేర్పిస్తాం అని ఈ రోజు ఎవరైనా అంటే, ఆ ఫీజు కట్టకండి.

ఫ్లాష్ చెడ్డది కాబట్టి అనట్లేదు. ఒకప్పుడు అది రాజు. 1996లో ఫ్యూచర్‌స్ప్లాష్ యానిమేటర్ అనే పేరుతో వచ్చింది, మాక్రోమీడియా కొనుక్కుని ఫ్లాష్ అని పేరు పెట్టింది. 2005లో మాక్రోమీడియానే అడోబీ కొనేసింది. అప్పట్లో వెబ్‌లో కదిలే కార్టూన్లు, చిన్న చిన్న గేములు, తళతళలాడే వెబ్‌సైట్లు చాలావరకు దానితో చేసినవే. కానీ 2007లో వచ్చిన ఐఫోన్‌లో ఫ్లాష్‌కి చోటివ్వలేదు. 2010లో స్టీవ్ జాబ్స్ ఎందుకివ్వలేదో చెప్తూ ఒక బహిరంగ లేఖే రాశాడు: బ్యాటరీ తింటుంది, సెక్యూరిటీ బాగోదు, మౌస్ కోసం చేసింది వేలితో తాకే స్క్రీన్‌కి పనికిరాదు అని. 2011లో అడోబీ మొబైల్ బ్రౌజర్లకి ఫ్లాష్ ప్లేయర్ తయారు చేయడం ఆపేసింది. 2020 డిసెంబర్ 31తో సపోర్ట్ మొత్తం బంద్. 2021 జనవరి 12 నుంచి ప్లేయర్ తనంతట తానే కంటెంట్‌ని అడ్డుకుంటుంది. అంటే ఇప్పుడు మీరు కష్టపడి ఒక ఫ్లాష్ ఫైల్ తయారు చేసినా, మీ ఫ్రెండ్ ఫోన్‌లో మామూలుగా అది తెరుచుకోదు. రఫుల్ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్‌తో పాత ఫ్లాష్ గేములు చూడొచ్చు, అది మ్యూజియంకి వెళ్ళడం లాంటిది. సరదాగా వెళ్ళండి, ఉద్యోగానికి కాదు.

అయితే ఒక మాట. ఫ్లాష్ తయారు చేసే సాఫ్ట్‌వేర్ పేరు 2016లో అడోబీ యానిమేట్ అని మారింది. అది ఈ రోజుల్లో బ్రౌజర్ నేరుగా చదివే హెచ్‌టీఎంఎల్ ఫైళ్ళు కూడా ఇస్తుంది. కొన్ని చోట్ల సిలబస్ కాగితం పాతదై, పాఠం కొత్తదై ఉండొచ్చు. తేల్చుకోవడానికి ఒకటే పరీక్ష. 'సార్, మీ స్టూడెంట్ చేసిన ఒక్క ప్రాజెక్ట్ లింక్ ఇవ్వండి, నా ఫోన్‌లో చూసుకుంటాను' అని అడగండి. లింక్ తెరుచుకుని, వేలితో తాకితే స్పందిస్తే మిగతా మాటలు మాట్లాడొచ్చు. 'అది మా సిస్టమ్‌లోనే ఓపెన్ అవుతుంది' అంటే థాంక్యూ చెప్పి వచ్చేయండి.

సరే, ఫోన్‌తోనే ఎలా మొదలుపెట్టాలో చూద్దాం. రెండు దారులున్నాయి. బ్రౌజర్‌లో కోడ్‌పెన్ అనే సైట్ ఉంది, రాసింది వెంటనే కనిపిస్తుంది. నెట్ సరిగ్గా రాని చోట ఆండ్రాయిడ్‌లో ఏకోడ్ లాంటి ఎడిటర్ యాప్ వేసుకుంటే ఫైల్ ఫోన్‌లోనే ఉంటుంది. ఫోన్ కీబోర్డ్‌లో మీసాల బ్రాకెట్లు, సెమీకోలన్లు వెతుక్కోవడం విసుగే. ఎడిటర్ యాప్‌లో వాటికి పైన విడిగా ఒక వరస ఉంటుంది. అందుకే కోడ్ రాయడానికి నోట్స్ యాప్ వాడొద్దు.

ఇప్పుడు బంతి. ఎక్కడ నేర్చుకున్నా మొదటి పాఠం బంతి ఎగరడమే, దానికి కారణముంది.

హెచ్‌టీఎంఎల్‌లో ఒక డివ్ పెట్టండి. క్లాస్ పేరు బంతి. నిజంగానే తెలుగు అక్షరాల్లో బంతి అని రాసినా బ్రౌజర్ ఒప్పుకుంటుంది, ఫైల్ యూటీఎఫ్-8లో ఉంటే చాలు. టీమ్‌తో పనిచేసేటప్పుడు ఇంగ్లిష్ పేర్లే వాడతాం, ఇప్పుడు మన ఇష్టం. సీఎస్ఎస్‌లో వెడల్పు 60 పిక్సెళ్ళు, ఎత్తు 60 పిక్సెళ్ళు, బ్యాక్‌గ్రౌండ్ నారింజ రంగు, బోర్డర్ రేడియస్ 50 శాతం. గుండ్రటి బంతి వచ్చేసింది.

తర్వాత కీఫ్రేమ్స్. అంటే 'ఇక్కడ మొదలు, అక్కడ చివర' అని బ్రౌజర్‌కి చెప్పడం. మొదట్లో ట్రాన్స్‌లేట్-వై సున్నా, చివర్లో ట్రాన్స్‌లేట్-వై 240 పిక్సెళ్ళు. మధ్యలో ఉండే బొమ్మలన్నీ బ్రౌజరే లెక్కేసుకుంటుంది. బంతికి యానిమేషన్ ఇలా ఇవ్వండి: కీఫ్రేమ్స్‌కి పెట్టిన పేరు, 0.6 సెకన్లు, లీనియర్, ఇన్ఫినిట్, ఆల్టర్నేట్. ఇన్ఫినిట్ అంటే ఆగకుండా. ఆల్టర్నేట్ అంటే ఒకసారి కిందికి, ఒకసారి పైకి.

ప్లే చేయండి. కదులుతోంది కదా? కానీ బంతిలా లేదు. కుట్టు మిషన్ సూదిలా టకటకా పైకీ కిందికీ పోతోంది. లీనియర్ అంటే మొదటి నుంచి చివరిదాకా ఒకే వేగం. మన చుట్టూ అలా కదిలేవి చాలా తక్కువ.

ఇప్పుడు లీనియర్ తీసేసి ఈజ్-ఇన్-అవుట్ పెట్టండి. ఇది ఆర్టీసీ బస్సు. స్టాప్ దగ్గర మెల్లగా కదులుతుంది, మధ్యలో స్పీడ్ అందుకుంటుంది, తర్వాతి స్టాప్ దగ్గర మెల్లగా ఆగుతుంది. చూడ్డానికి నున్నగా ఉంది కానీ బంతి నేల దగ్గరికొచ్చి మర్యాదగా ఆగి, మళ్ళీ మెల్లగా లేస్తోంది. బంతి అలా చేయదు.

ఇప్పుడు ఈజ్-ఇన్ పెట్టండి. మెల్లగా మొదలై వేగం పెరుగుతూ పోయి, పూర్తి వేగంతో నేలని కొడుతుంది. ఆల్టర్నేట్ ఉంది కాబట్టి తిరిగి పైకి వెళ్ళేటప్పుడు ఈ లెక్కంతా తలకిందులవుతుంది: నేల నుంచి వేగంగా లేచి, పైకి వెళ్ళేకొద్దీ మెల్లబడుతుంది. అదిగో, బంతి! ఒక్క మాట మార్చాం, అంతే. మెదడు ఒప్పుకుంది.

ఇంటర్ ఫిజిక్స్ గుర్తున్న వాళ్ళకి ఒక ముక్క. పడే వస్తువు వెళ్ళే దూరం కాలం వర్గానికి అనులోమంగా ఉంటుంది కదా. ఈజ్-ఇన్ దానికి దగ్గరగా ఉంటుంది కానీ సరిగ్గా అదే కాదు. అచ్చంగా ఆ పారాబోలానే కావాలంటే క్యూబిక్-బెజియర్ అని రాసి 0.33, 0, 0.67, 0.33 అనే నాలుగు అంకెలివ్వండి. పరీక్షలో మార్కుల కోసం బట్టీ పట్టిన ఫార్ములా ఇక్కడ కళ్ళముందు ఎగురుతుంటే నాకైతే భలే సంతోషంగా ఉంటుంది.

మరి ఈజ్-అవుట్ ఎక్కడ పనికొస్తుంది? క్యారమ్స్ స్ట్రైకర్‌ని చూడండి. వేలితో కొట్టగానే దూసుకెళ్ళి, రాపిడి వల్ల మెల్లబడి ఆగుతుంది. స్క్రీన్ మీదకి వచ్చే మెనూలు, కార్డులు, మెసేజ్‌లు ఇలాగే రావాలి. యూజర్ నొక్కగానే వెంటనే కదలిక కనిపిస్తుంది, చివర్లో నెమ్మదిగా స్థిరపడుతుంది. అదే మెనూకి ఈజ్-ఇన్ పెడితే, నొక్కిన తర్వాత ఒక్క క్షణం ఏమీ జరగనట్టుంటుంది. ఫోన్ హ్యాంగ్ అయిందేమో అని మళ్ళీ నొక్కేస్తారు.

బంతికి ఇంకాస్త ప్రాణం పోద్దాం. నేలకి తగిలినప్పుడు రబ్బరు బంతి కొంచెం నలిగి వెడల్పవుతుంది. డిస్నీలో పనిచేసిన ఫ్రాంక్ థామస్, ఓలీ జాన్‌స్టన్ అనే ఇద్దరు 1981లో ఒక పుస్తకంలో 12 యానిమేషన్ సూత్రాలు రాశారు, అందులో మొదటిది ఇదే, నొక్కడం-సాగదీయడం. చేతితో గీసే కార్టూన్ల కోసం రాసింది ఇప్పటికీ అందరూ వాడుతున్నారు.

ఇక్కడే కొత్తవాళ్ళు దాదాపు అందరూ ఒక చోట ఇరుక్కుంటారు, జాగ్రత్తగా వినండి. బంతి నలగడం కోసం అదే కీఫ్రేమ్స్‌లో 85 శాతం దగ్గర ఇంకో మెట్టు పెడతారు. పెట్టగానే బంతి నేల దగ్గరకొచ్చి గాల్లో ఒక్క క్షణం ఆగినట్టు కుదుపు వస్తుంది. కారణం ఏంటంటే, ఈజ్-ఇన్ మొత్తం ప్రయాణానికి ఒకసారి కాదు, ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకి విడివిడిగా వర్తిస్తుంది. 85 శాతం దగ్గర కొత్త మెట్టు మొదలవుతుంది కాబట్టి మళ్ళీ సున్నా వేగం నుంచి బయల్దేరుతుంది. దీనికి మందు: రెండు డివ్‌లు. బయటి డివ్ పని కిందికీ పైకీ పోవడం మాత్రమే. లోపలి డివ్ పని నలగడం మాత్రమే: సున్నా నుంచి 85 శాతం దాకా స్కేల్ 1, 1, వంద శాతం దగ్గర స్కేల్ 1.15, 0.85. రెండింటికీ 0.6 సెకన్లు, రెండింటికీ ఆల్టర్నేట్. లోపలిదానికి ట్రాన్స్‌ఫామ్-ఆరిజిన్ బాటమ్ అని పెట్టండి, లేకపోతే బంతి మధ్య నుంచి నలిగి నేల మీద తేలుతున్నట్టుంటుంది.

ఈ ట్రాన్స్‌ఫామ్-ఆరిజిన్ గురించి ఇంకొంచెం. మన తోలుబొమ్మలు చూశారా? శ్రీ సత్యసాయి జిల్లా నిమ్మలకుంటలో ఇప్పటికీ తయారు చేస్తారు. బొమ్మ చెయ్యి విడి ముక్క, భుజం దగ్గర దారంతో ముడి వేసి ఉంటుంది. పుల్లతో ఆడిస్తే ఆ ముడి చుట్టూ తిరుగుతుంది. ట్రాన్స్‌ఫామ్-ఆరిజిన్ అంటే ఆ ముడి ఎక్కడ వెయ్యాలో చెప్పడమే. మీరేం చెప్పకపోతే మామూలు డివ్‌కి బ్రౌజర్ నడిమధ్యలో ముడి వేస్తుంది, చెయ్యి ఫ్యాన్ రెక్కలా తిరుగుతుంది. ఎస్‌వీజీ బొమ్మల్లోని ముక్కలకైతే మొత్తం బొమ్మ పై ఎడమ మూలలో వేస్తుంది, చెయ్యి ఎగిరి ఎక్కడికో పోతుంది. అలా పోయినప్పుడు కంగారుపడకండి. ముందు ట్రాన్స్‌ఫామ్-బాక్స్ ఫిల్-బాక్స్ అని రాసి, తర్వాత ఆరిజిన్ ఇవ్వండి.

పనిలో పని, లాటీ అనే ఫార్మాట్ పేరు వినే ఉంటారు, యాప్‌లలో టిక్ మార్క్ గిర్రున తిరిగి వచ్చే లాంటివి చాలావరకు దానితో చేసినవే. ఎయిర్‌బీఎన్‌బీ 2017లో అందరికీ ఇచ్చింది. ఆ పేరు లోటె రైనిగర్ అనే జర్మన్ దర్శకురాలిది. ఆవిడ నల్ల కాగితాన్ని కత్తిరించి, కీళ్ళు కట్టి, ఒక్కో ఫ్రేమ్ కదిలిస్తూ 1926లోనే పూర్తి నిడివి సినిమా తీసింది. అంటే ఆ పద్ధతి మన తోలుబొమ్మకి దూరపు చుట్టమే అన్నమాట.

ఇప్పుడు అసలు కష్టం: మీ ఫోన్‌లో బాగా ఆడింది పక్కవాడి పాత ఫోన్‌లో నత్తలా ఎందుకు పోతుంది? మామూలు ఫోన్ స్క్రీన్ సెకనుకి 60 సార్లు మారుతుంది. అంటే ఒక్కో బొమ్మ తయారు చేయడానికి బ్రౌజర్‌కి సుమారు 16.7 మిల్లీసెకన్లు. 120 హెర్ట్జ్ ఫోన్ అయితే అందులో సగమే. టైమ్‌కి అవ్వకపోతే ఆ బొమ్మ పోతుంది, కంటికి కుదుపు కనిపిస్తుంది.

బంతిని కదపడానికి ట్రాన్స్‌లేట్ బదులు టాప్ అనే ప్రాపర్టీ మార్చినా కదులుతుంది. చూడ్డానికి తేడా లేదు. కానీ టాప్, లెఫ్ట్, విడ్త్, హైట్ మార్చిన ప్రతిసారీ ఏది ఎక్కడ కూర్చోవాలో బ్రౌజర్ మళ్ళీ లెక్కేసి, అవసరమైన భాగాన్ని మళ్ళీ పెయింట్ చేస్తుంది. ట్రాన్స్‌ఫామ్, ఒపాసిటీ అయితే అప్పటికే రంగులేసిన బొమ్మని తెర వెనక జరపడం అంతే, ఆ పని సాధారణంగా గ్రాఫిక్స్ చిప్ చూసుకుంటుంది. అందుకే మొదటి ఆరు నెలలు ఈ రెండూ తప్ప ఇంకేదీ కదపను అని పెట్టుకోండి. చెయ్యగలిగేవి చాలానే ఉన్నాయి, బోర్ కొట్టదు.

మీ దగ్గర ఉన్నది తక్కువ ధర ఫోన్ అయితే, దాన్ని లోటు అనుకోకండి. ఖరీదైన లాప్‌టాప్ ముందు కూర్చున్న డిజైనర్‌కి కనిపించని కుదుపు మీకు మొదటి నిమిషంలోనే కనిపిస్తుంది. మీ ఫోన్‌లో నున్నగా ఆడితే చాలామంది ఫోన్లలో ఆడుతుంది. డేటా సంగతి కూడా అంతే. ఇదే బంతిని జిఫ్‌గా చేస్తే లక్షల బైట్లు కావచ్చు, మనం రాసిన కోడ్ వెయ్యి బైట్లు దాటదు.

ఇంటరాక్టివ్ అంటే ఏంటి మరి? యూజర్ ఏదో చేస్తే పేజీ స్పందించడం. కంప్యూటర్ పాఠాల్లో హోవర్ అని చెప్తారు, మౌస్ పైకి తెస్తే రంగు మారడం. ఫోన్‌లో వేలు గాల్లో తేలదు కదా, దాని మీద ఆధారపడకండి. బంతిని తాకితే ఆగాలి, మళ్ళీ తాకితే కదలాలి అనుకుందాం. సీఎస్ఎస్‌లో ఆగు అనే క్లాస్‌కి యానిమేషన్-ప్లే-స్టేట్ పాజ్డ్ అని రాయండి. జావాస్క్రిప్ట్‌లో క్లిక్ అయినప్పుడు ఆ క్లాస్‌ని టోగుల్ చేయమనండి, ఒక్క లైనే. లోపలి బంతికి, బయటి డివ్‌కి రెండింటికీ చెయ్యాలి సుమా, లేకపోతే ఆగిన బంతి గాల్లో నలుగుతూ ఉంటుంది. బటన్లు పెడితే కనీసం 48 పిక్సెళ్ళ పరిమాణం ఉంచండి, మన బొటనవేలు సన్నగా ఉండదు.

తెలుగు వాళ్ళకి వచ్చే ఒక చిక్కు ఉంది, ఇంగ్లిష్ ట్యుటోరియల్‌లో ఎవరూ చెప్పరు. ఒక్కో అక్షరం ఎగురుకుంటూ వచ్చే టెక్స్ట్ ఎఫెక్ట్ చూసే ఉంటారు. ఆ కోడ్ కాపీ చేసి 'స్వాగతం' అని పెట్టండి. ముక్కచెక్కలవుతుంది. మనకి అందులో స్వా, గ, తం అని మూడు అక్షరాలు. కంప్యూటర్ లెక్కలో ఏడు: స, పొల్లు, వ, దీర్ఘం, గ, త, సున్నా. కోడ్ ఏడు ముక్కలు చేస్తే వత్తు ఊడిపోయి చుక్కల వృత్తాలు కనిపిస్తాయి. ఇంటల్ సెగ్మెంటర్ అనే సదుపాయం ఉంది కానీ పాత బ్రౌజర్లలో వత్తుల దగ్గర విరిచేస్తుంది. మొదట్లో పదం పదంగా కదిలించండి. అక్షరాలే కావాలంటే ఒక్కో అక్షరానికి ఒక స్పాన్ చేత్తో పెట్టుకోండి, దానికి డిస్‌ప్లే ఇన్‌లైన్-బ్లాక్ ఇవ్వండి, లేకపోతే స్పాన్ మీద ట్రాన్స్‌ఫామ్ పనిచేయదు. ఉగాది గ్రీటింగో, అక్క పెళ్ళి శుభలేఖ పేజీనో చేసేటప్పుడు ఇది గుర్తొస్తుంది.

ఇంకో విషయం చెప్పకుండా వదలను. 1997 డిసెంబర్‌లో జపాన్‌లో పోకెమాన్ కార్టూన్ ఒక ఎపిసోడ్‌లో ఎరుపు, నీలం రంగులు వేగంగా మార్చి మార్చి వెలిగాయి. ఆరు వందల మందికి పైగా ఆసుపత్రుల పాలయ్యారు, ఎక్కువమంది పిల్లలే. కొందరికి ఫిట్స్ వచ్చాయి. అందుకే వెబ్ ప్రమాణాల్లో సెకనుకి మూడుసార్ల కంటే ఎక్కువ ఏదీ మెరవకూడదని ఉంది. అలాగే కొంతమందికి పెద్ద పెద్ద జూమ్‌లు, జారే బ్యాక్‌గ్రౌండ్‌లు చూస్తే తల తిరుగుతుంది, వాంతి వస్తుంది. వాళ్ళు ఫోన్ యాక్సెసిబిలిటీ సెట్టింగ్స్‌లో యానిమేషన్లు తీసేయమని పెట్టుకుంటారు. మీ సీఎస్ఎస్‌లో ప్రిఫర్స్-రెడ్యూస్డ్-మోషన్ అనే మీడియా క్వెరీ రాస్తే ఆ సెట్టింగ్ ఉన్నవాళ్ళకి బంతి నిలబడే ఉంటుంది. మూడు లైన్ల పని.

బంతి అయిపోయాక ఏంటి? ముందు సీఎస్ఎస్ గట్టిపడనివ్వండి, తర్వాత ఎస్‌వీజీ, తర్వాత జావాస్క్రిప్ట్. జీశాప్ అనే లైబ్రరీ 2025 నుంచి పూర్తిగా ఉచితం, ఒకప్పుడు డబ్బు కట్టాల్సిన ప్లగిన్లతో సహా. కానీ బంతిని సొంతంగా ఎగరెయ్యకుండా దాంట్లోకి దూకితే కాపీ పేస్ట్ తప్ప ఏం రాదు. చదవడానికి ఎండీఎన్ సైట్ చాలు, అదీ ఉచితమే. చేసినవి గిట్‌హబ్ పేజెస్‌లో పెడితే డబ్బు లేకుండా లింక్ వస్తుంది. పని అడగడానికి వెళ్ళినప్పుడు సర్టిఫికెట్ కంటే ముందు ఆ లింకే పంపండి. నిజం చెప్పాలంటే, పని పెద్దదయ్యాక కంప్యూటర్ కావాల్సిందే, ఫోన్‌లో వంద లైన్లు దాటితే మెడ పట్టేస్తుంది. ఇన్‌స్టిట్యూట్‌కి కట్టాలనుకున్న డబ్బు ఏదైనా ఉంటే అప్పుడు ఒక సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్‌కి పెట్టండి.

వచ్చే ఎపిసోడ్‌లో ఎస్‌వీజీతో ఒక తోలుబొమ్మ గీసి, భుజం దగ్గర ముడి వేసి, వేలితో లాగితే చెయ్యి ఊపేలా చేద్దాం. అప్పటిలోగా బంతి రెడీగా ఉంచుకోండి, దాన్నే ఆ బొమ్మ చేతికిస్తాం. ఉంటాను ఫ్రెండ్స్.